స్వచాలితంలో కర్త ఎవరు

పొరపాటు జరిగింది అన్నాను వదినగారూ, పొరపాటు చేశాను అనలేదు. ఆ రెండు వాక్యాల మధ్య చాలా దూరం ఉంది. ముప్పై నాలుగేళ్లు ఈ ఢిల్లీ నగరంలో తెలుగు వ్యాకరణం చెప్పి రిటైరైనదాన్ని, ఆ తేడా తెలియకుండా మాట్లాడతానా?

'జరుగు' అన్నది అకర్మక క్రియ. 'పొరపాటు జరిగింది' అన్నప్పుడు కర్త ఎవరు? పొరపాటే. తనంతట తాను వచ్చింది, జరిగింది, వెళ్లింది. ఆ వాక్యంలో నేనెక్కడా లేను. కావలిస్తే వెతుక్కోండి.

నవ్వింది చాలు గానీ, ఆ బఠాణీల చేట ఇటు జరపండి. మీరు వలిచినవాటిలో సగం గింజలు తొక్కలతోనే పోతున్నాయి. రాజమండ్రిలో మీకు ఇంత అలవాటు ఉండదులెండి. ఇక్కడ చలికాలమంతా ఆడవాళ్లు ఎండలో కూర్చోవడానికి ఇదొక సాకు.

అసలు ఈ సంభాషణకి మూలం మీరు. నిన్న మధ్యాహ్నం రైలు దిగారు. ఇవాళ భోజనం చేసి చెయ్యి కడుక్కున్నారో లేదో, ఏమన్నారు? "ఛాయాదేవి వదినగారూ, మా సునందకి ఆ సైకిలు గేర్లు మార్చడం మీరు కాస్త నేర్పకూడదూ? మీరు మారిస్తే చప్పుడైనా రాదట కదా" అన్నారు.

నిలదీసి అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పి ఉండేదాన్ని. మీరేమో అంత మర్యాదగా అడిగారు. 'పొరపాటు జరిగింది' అన్న మాట అలా నోటివెంట జారింది.

అటు చూడండి. కింద, పార్కింగు పక్కన, నీలం చున్నీ. కనిపించిందా? మీ అమ్మాయి, నా కోడలు, బకెట్టు నీళ్లు పెట్టుకుని తన సైకిలు తుడుస్తోంది. నాలుగింటికి ఎవరో వచ్చి దాన్ని కొనుక్కుని పోతారట. మేము కొన్నది దసరాకి. ఇంకా నాలుగు నెలలు నిండలేదు.

ఎందుకమ్మా అమ్మడం అని పొద్దున అడిగాను. "నాకు చేతకావడం లేదు అత్తయ్యా. ఈ వయసులో మీకు వచ్చినంత కూడా నాకు రావడం లేదు. మెట్రోలోనే పోతాను, గొడవ వదిలిపోతుంది" అంది. అని, నా కంచంలో ఇంకో ఇడ్లీ వేసింది.

ఆ ఇడ్లీ నాకు దిగలేదు వదినగారూ.

ఇప్పుడు మూడుంబావు. నాకు ముప్పావు గంట గడువుంది. కనుక మొదటినుంచి చెబుతాను. మధ్యలో ప్రశ్నలు వేయకండి, చివర్లో వేయండి. నా తరగతిలో అదే నియమం.

నాకు సైకిలు కొత్త కాదు. పెళ్లయి ఈ సరోజినీ నగర్ క్వార్టర్లకి వచ్చిన రోజుల్లో, కుచ్చిళ్లు పైకి దోపి, లేడీస్ సైకిలు మీద బడికి వెళ్లేదాన్ని. దానికి గేర్లు లేవు. ఉన్నవల్లా నా మోకాళ్లు. ఆ మోకాళ్లు ఇప్పుడు పదవీ విరమణ చేశాయి, అందుకని విద్యుత్ సైకిలు. ఆర్.కె. పురంలో మనవాళ్ల పిల్లలకి రోజూ సాయంకాలం తెలుగు పాఠం చెబుతాను కదా, దానికి. రానూ పోనూ ఆరు కిలోమీటర్లు.

తొక్కుతామా, నడుపుతామా అని అడగబోతున్నారు. సగం మన కాళ్లు, సగం మోటారు. సరైన క్రియ ఇంకా పుట్టలేదు. నేను ప్రస్తుతానికి 'వెళ్లు' అంటున్నాను.

సునంద సంగతి వేరు. ఆ పిల్ల ఆఫీసు సాకేత్‌లో. వెళ్లడానికే తొమ్మిది కిలోమీటర్లు, పదకొండు సిగ్నళ్లు, ఒక ఫ్లైఓవరు. వీపు మీద లాప్‌టాప్, పక్కన టిఫిను డబ్బా. కొనేముందు నెల రోజులు ఫోనులో చదివి చదివి నాతో చెప్పింది. "అత్తయ్యా, ఇద్దరికీ ఆటోమేటిక్ గేర్లది తీసుకుందాం. ఆగితే తనే తేలిక గేరులోకి దిగిపోతుందట. వేగం అందుకుంటే తనే ఎక్కుతుందట. మనం తొక్కుతూ ఉంటే చాలు."

నాకు ఆ 'తనే' నచ్చలేదు.

ఆ రోజు నేను చెప్పిన పాఠం మీరు వినవలసింది. సంధులలో నిత్యం ఉంది, వైకల్పికం ఉంది అన్నాను. 'వాడు' పక్కన 'ఎవడు' వచ్చిందనుకో, 'వాడెవడు' అయి తీరుతుంది, నిన్నెవరూ అడగరు. అది నిత్యం. అదే 'ఏమి' పక్కన 'అంటివి' వస్తే, 'ఏమంటివి' అనవచ్చు, 'ఏమియంటివి' అనవచ్చు. నీ ఇష్టం, నీ చెవి, నీ సంస్కారం. అది వైకల్పికం. భాషలో అందమంతా ఆ వైకల్పికంలోనే ఉందమ్మా, అన్నీ నిత్యమైపోతే మనిషి ఎందుకు? ఎత్తు ఎప్పుడు వస్తుందో కంటికి కనిపిస్తుంది, ఏ గేరు వేయాలో బుద్ధికి తెలుస్తుంది. ఆ నిర్ణయం యంత్రానికి వదిలేస్తే రేపు వాక్యం కూడా అదే రాసిపెడుతుంది అన్నాను.

"ఇప్పటికే రాస్తోంది అత్తయ్యా" అంది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. కరోల్ బాగ్ పక్కన సైకిళ్ల బజారు ఉంది, అక్కడ కొట్టుకి వెళ్లాం. కొట్టు నిండా జనం. అందరూ వింటూండగా, "చేతులున్నవాళ్లకి ఆటోమేటిక్ ఎందుకమ్మా?" అన్నాను. హిందీలో అన్నాను, అందరికీ అర్థమయ్యేలా. ఒకాయన నవ్వాడు కూడా.

మీ అమ్మాయి కలం అందుకుంది. వాళ్లిచ్చిన ఫారంలో ఇంగ్లీషు వైపు 'రెగ్యులర్' అన్నచోట టిక్కు పెట్టి, హెల్మెట్లు చూస్తానని లోపలికి వెళ్లిపోయింది.

ఇక నా ఫారం. వాడు నాకూ ఇంగ్లీషు వైపే తిప్పి ఇచ్చాడు. క్రియ ముందూ కర్మ వెనుకా వచ్చే భాషలో నేను సంతకం పెట్టను. హిందీ వైపు తిప్పాను. గేరు అన్నచోట రెండు గళ్లు. ఒకదాని పక్కన 'సామాన్య' అని ఉంది. రెండోదాని పక్కన 'స్వచాలిత' అని ఉంది.

మీరే చెప్పండి. స్వచాలితం అంటే ఏమిటి?

తొందరపడకండి. విగ్రహవాక్యం చెప్పుకోండి. స్వ చేత చాలితము. తన చేత నడపబడినది. తృతీయా తత్పురుష. ఇంతవరకు సందేహం లేదు. 'తన' అంటే ఎవరు? నడిపేవాడు. సైకిలుకి 'తాను' ఎక్కడినుంచి వచ్చింది? స్వహస్తం అంటే మనిషి చెయ్యి. స్వగృహం అంటే మనిషి ఇల్లు. పోనీ, స్వయంపాకం అంటే ఏమిటి? బియ్యం తమంతట తామే ఉడికి కంచంలోకి వచ్చి కూర్చోవడమా? మనిషి తన చేత్తో తాను వండుకోవడం. మరి స్వచాలితం అంటే మనిషి తన చేత్తో తాను మార్చుకోవడం కాక మరేమిటి?

అదే చూశారా, మీరూ తల ఊపారు. ఎంత హాయిగా కుదిరిందో.

ధర కొంచెం ఎక్కువ ఉందని గమనించకపోలేదు. చేతిపని కదా, చేనేత చీరకి ధర ఎక్కువ ఉండదూ అనుకున్నాను. టిక్కు పెట్టాను. కింద సంతకం కూడా, పూర్తి పేరుతో, దీర్ఘాలు వదలకుండా.

రెండు సైకిళ్లూ ఒకే రంగు, ఒకే ఎత్తు. గేర్లు వెనుక చక్రం మధ్య డబ్బాలో దాగి ఉంటాయి, బయటికి కనిపించవు. ఎడమ చేతి దగ్గర రెంటికీ కూడిక గుర్తు, తీసివేత గుర్తు ఉన్న మీటలు. నొక్కితే చిన్న తెర మీద ఒకటి నుంచి అయిదు దాకా అంకె మారుతుంది. సునంద సైకిలుకి కుడి పిడి మీద తిప్పుడు ఉంగరం ఒకటి ఎక్కువ ఉంటుందట. నాకేం తెలుసు? చలి మొదలవగానే రెంటికీ పిడుల మీద ఉన్ని తొడుగులు అల్లి తొడిగాను. మా అబ్బాయి విష్ణువర్ధన్ ఫైళ్లు చూస్తాడు గానీ చక్రాలు చూడడు. నా సైకిలు నేను ఎవరినీ ముట్టుకోనివ్వను.

ఇంకేముంది. ఆ కూడిక మీటే గేరు అనుకున్నాను.

మూడు నెలలు వదినగారూ. మూడు నెలలు మహారాణిలా వెళ్లాను. ఎత్తు వస్తోందంటే కూడిక నొక్కుతాను, సైకిలు తేలికైపోతుంది. దిగుడు వస్తే తీసివేత. చప్పుడు లేదు, కుదుపు లేదు. పాఠం దగ్గర గేటులో పిల్లలు నిలబడి చూసేవారు. ఇషిత అని ఒక పిల్ల ఉంది, తెలుగు ప్రశ్న కూడా హిందీలోనే అడుగుతుంది. "టీచర్, గేర్ కో తెలుగు మే క్యా బోల్తే హై?" అంది, తెలుగులో ఏమంటారని. దంతచక్రం అన్నాను. "సైకిల్ కే దాంత్ హోతే హై?" అని, సైకిలుకి పళ్లుంటాయా అని రెండు రోజులు నవ్వింది. రోజూ నేను రాగానే "టీచర్, ఆజ్ కౌన్‌సా గేర్?" అని, ఇవాళ ఏ గేరు అని అడిగేది. "మూడు" అనేదాన్ని. ఒక్కొక్కప్పుడు "నాలుగు". వాళ్లు చప్పట్లు కొట్టేవారు.

మీకు ఫోను చేసి చెప్పినవన్నీ అవే కదా. 'వంతెన మీద అయిదో గేరులో ఎక్కాను' అని. మీరు పక్కింటివాళ్లకి కూడా చెప్పారట. ఎందుకు చెప్పారండీ?

సరే. పన్నెండు రోజుల క్రితం సైకిలు సర్వీసుకి కొట్టు నుంచి మెకానిక్కు వచ్చాడు. దీపు అని, యాభై ఏళ్ల మనిషి, నెమ్మదస్తుడు. కింద నీడలో పెట్టి చూస్తున్నాడు. సునంద ఆఫీసుకి వెళ్లిపోయింది. నేను పక్కన కుర్చీ వేసుకుని, గేర్లు ఎంత మెత్తగా మారుస్తానో అతనికి కూడా చెబుతున్నాను.

అతను పని ఆపి, తల గోక్కుని, "మాతాజీ, ఆప్ కహా బదల్తీ హై? గాడీ ఖుద్ బదల్తీ హై" అన్నాడు. మీరెక్కడ మారుస్తున్నారు, బండి ఖుద్ మారుస్తోంది అని.

"ఖుద్ అంటే ఎవరు?" అన్నాను.

"ఖుద్ మతలబ్ ఖుద్, మాతాజీ. అప్నే ఆప్." తనంతట తానే, అని.

స్వచాలిత అని రాసి ఉంది కదయ్యా అన్నాను. "వహీ తో" అన్నాడు. అదే కదా మరి, అని. ఆ రెండు ముక్కలతో నా సమాసం కూలిపోయింది. ఆ మీటలు మోటారు ఎంత సాయం చేయాలో చెప్పేవట. ఎత్తులో కూడిక నొక్కితే మోటారు ఎక్కువ తోస్తుంది, అందుకే తేలిక. గేర్ల జోలికి నేను ఒక్కనాడూ పోలేదు. అవి వెనుక చక్రంలో కూర్చుని, నన్ను అడగకుండా, తమ పని తాము చేసుకుంటూ పోయాయి. నిత్యసంధిలాగ.

మీరు నవ్వండి, ఫరవాలేదు. నేను కూడా అతను వెళ్లాక గది తలుపు వేసుకుని నవ్వుకున్నాను. బియ్యం నిజంగానే తమంతట తామే ఉడికాయి వదినగారూ. నేను ఎదురుగా కూర్చుని గరిటె తిప్పుతున్నాననుకున్నాను.

మరి చెప్పలేదేం అంటారు. పన్నెండు రోజులు.

చెప్పాలనే అనుకున్నాను. మొదటి రోజు సునంద ఆలస్యంగా వచ్చింది. రెండో రోజు ఏకాదశి. ఆ తర్వాత... ఆ తర్వాత ఏమీ లేదు. దీపుకి మాత్రం "ఘర్ మే మత్ బోల్‌నా" అని, ఇంట్లో చెప్పవద్దని, అల్లం టీ ఇచ్చాను. అతను టీ తాగి, "కిస్ కో బోలూంగా మాతాజీ" అని, నేనెవరితో చెబుతాను అన్నట్టు వెళ్లిపోయాడు. పెద్దమనిషి.

ఇంకో మాట కూడా ఉంది. చెబితే దాన్ని తిప్పి ఇచ్చేయవలసి వస్తుందేమో అని భయం వేసింది. ఇన్ని మాటలన్నదాన్ని, ఇంకా దాని మీదే ఎలా ఎక్కుతాను? ఎక్కకుండా ఎలా ఉంటాను? నాకు అది... ఎలా చెప్పను... నచ్చింది.

ఆ పన్నెండు రోజులూ దాన్ని పరీక్ష పేపరులా దిద్దాను. మీరు అడగలేదు గానీ చెబుతాను. నిజానికి దీని సంగతి నాకంటే నిష్పక్షపాతంగా చెప్పేవారు ఢిల్లీలో ఉండరు, తెలియక మూడు నెలలు, తెలిసి పన్నెండు రోజులు వాడాను.

లోపాలున్నాయి. వంతెన ఎత్తు మొదలైనప్పుడు ఒక్క క్షణం తటపటాయిస్తుంది, జవాబు తెలిసి కూడా చెయ్యెత్తని పిల్లాడిలాగ. ఆ క్షణంలో కాలికి బరువు తెలుస్తుంది. ఎదుట ఎత్తు ఉందని మనకి కనిపిస్తుంది, దానికి కనిపించదు. కాలికి తెలిశాకే దానికి తెలుస్తుంది. బరువు కొంచెం ఎక్కువ. చెడిపోతే మన వీధి చివర పంక్చర్లు వేసే ఆయన దాన్ని ముట్టుకోడు, దీపు రావలసిందే. నాలాగ ఒకే దారిలో మూడు కిలోమీటర్లు చల్లగా పోయేవాళ్లకి అది అవసరమా అంటే, కాదు. మోటారే సగం పని చేస్తుంటే నాకు రెండు గేర్లు చాలు. నాకు అది ఆభరణం.

కానీ సిగ్నలు దగ్గర చూడాలి. ఆగామో లేదో తనే దిగిపోయి, తేలిక గేరులో సిద్ధంగా ఉంటుంది. ఆకుపచ్చ పడగానే కాలు పెడితే చాలు, తూలకుండా కదులుతుంది. వెనుక ఆటోవాడు హారను కొట్టేలోపల మనం అక్కడ ఉండం. మామూలు గేర్లయితే ఆగినప్పుడల్లా గుర్తుపెట్టుకుని దించాలి. మరిచామా, బరువు గేరులో ఇరుక్కుని, వంకర్లు పోతూ బయల్దేరాలి. అది ఒక సిగ్నలు దగ్గరయితే సరే. పదకొండు సిగ్నళ్లు, రోజుకి రెండుసార్లు, వీపు మీద లాప్‌టాప్‌తో, బుర్రలో మీటింగుతో... ఆ మనిషికి అది ఆభరణం కాదు, అవసరం. ఆ మనిషి నెల రోజులు చదివి ఆ మాటే నాతో చెప్పింది.

డెబ్బై రెండు మార్కులు వేశాను. డెబ్బైకి పైన నేనెవరికీ వేసి ఎరగను. మీ అల్లుడికి కూడా.

అయితే చెప్పేయడానికేముంది, కింద పిలిచి చెప్పేద్దాం అంటున్నారు. కూర్చోండి. ఇంకా ఒకటి ఉంది. అసలుది అదే. మీ బఠాణీలు పూర్తి కానివ్వండి, చేతిలో ఏదో ఒకటి ఉండడం మంచిది.

సంక్రాంతి వెళ్లిన వారం సునంద పడింది కదా. మీకు ఫోనులో 'కొంచెం గీసుకుంది' అని చెప్పాం. మోకాలు బాగానే గీసుకుంది. మోచెయ్యి కూడా. టిఫిను డబ్బా రోడ్డు మీద దొర్లి, పులిహోరంతా ఫ్లైఓవరు పాలైంది. ఎవరో స్కూటరు ఆపి, "దీదీ, ఠీక్ హో?" అని లేపి కూర్చోబెట్టారట.

గేరు సరిగా పడక పడిపోయిందని మీకు తెలుసు. ఎందుకు సరిగా పడలేదో మీకు తెలియదు.

ముందు రోజు సాయంకాలం ఆ పిల్ల నన్ను అడిగింది. ఇదిగో, ఈ కుర్చీలోనే కూర్చుని. "అత్తయ్యా, ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు నాకు ఊపిరి ఆడడం లేదు. మీరెలా ఎక్కుతున్నారు?" అంది. "ఎత్తు వస్తే అంకె పెంచాలమ్మా" అన్నాను. "పెంచడమా? నేను చదివినదాంట్లో తగ్గించాలని ఉందే" అంది. "చదివినది వేరు, పట్టు వేరు. నేను రోజూ వంతెన ఎక్కడం లేదూ? మూడు, నాలుగు, అయిదు. ధైర్యంగా పెంచు" అన్నాను.

నా అంకెలు మోటారువి. దాని అంకెలు గేర్లవి. గేరు అంకె పెంచితే బరువు పెరుగుతుంది వదినగారూ. ఎత్తు మీద బరువు పెంచమని చెప్పాను నేను.

చెప్పినట్టే చేసింది. మీరు పెంచిన పిల్ల కదా, పెద్దవాళ్లు చెబితే చేస్తుంది. అయిదుకి తిప్పింది. సైకిలు నడివంతెన మీద ఆగిపోయి పక్కకి ఒరిగింది.

ఇంటికి కుంటుతూ వచ్చింది. నేను పసుపు రాస్తూ ఏమన్నానో తెలుసా? "గేరు ముందుచూపుతో మార్చుకోవాలమ్మా" అన్నాను. "అవును అత్తయ్యా, నాకే రాలేదు" అంది.

అప్పటికి నాకూ తెలియదు, ఆ మాట నిజం. దీపు వచ్చినప్పుడు తెలిసింది. చక్రం సంగతి ఒక్కటే కాదు, ఇది కూడా అదే నిమిషంలో తెలిసింది. కుర్చీలో కూర్చుని ఉన్నాను కాబట్టి సరిపోయింది. గది తలుపు వేసుకుని నవ్వుకున్నానన్నాను చూశారా, ఆ నవ్వు ఎంతోసేపు లేదు.

అప్పటినుంచి పన్నెండు రోజులు ఆ పిల్ల తనకే రాలేదనుకుంటూ తొక్కుతోంది. ఇప్పుడు అమ్మేస్తోంది.

మీకు కోపం రావాలి, వస్తే ధర్మమే. మీ కూతురు. ఒక మాట అనండి. అనరా? నా చేతికి ఆ నారింజ తొన ఎందుకిస్తున్నారు? ఇలాంటప్పుడు పెట్టడం మీ రాజమండ్రివాళ్లకే చెల్లింది.

ఇవ్వండి. తింటాను.

నేను ఒకటి నిశ్చయించుకున్నాను. రెండు సైకిళ్లూ ఒకే ఎత్తు అన్నానా, ఒకే రంగు. నాది సునంద తీసుకుంటుంది. సునందది నేను తీసుకుంటాను. కొనడానికి వచ్చేవాళ్లకి టీ ఇచ్చి పంపేద్దాం, కావలిస్తే బఠాణీల ఉప్మా కూడా పెడదాం. సోమవారం ఉదయం ఆ పిల్ల పదకొండు సిగ్నళ్ల దగ్గరా కాలు పెట్టి కదలడమే. నేను నా మూడు కిలోమీటర్లూ వైకల్పికంతో వెళతాను. చేతులున్నవాళ్లకి ఆటోమేటిక్ ఎందుకు అన్నానుగా. చేతులు నావే, పని కూడా నాదే.

ఒక చిక్కు ఉంది. నాకు గేరు వేయడం రాదు.

మూడు నెలల అనుభవం, పిల్లల చప్పట్లు, మీ పక్కింటివాళ్ల మెప్పు, అన్నీ ఉన్నాయి. ఆ ఉంగరం ఎటు తిప్పాలో తెలియదు. తిప్పేటప్పుడు కాలు కాస్త వదలాలట, అది కూడా దీపు చెబితేనే విన్నాను. సోమవారం ఇషిత గేటులో నిలబడి "కౌన్‌సా గేర్?" అంటే నిజం చెప్పవలసిన మొదటి రోజు అది. కనుక నాకు నేర్పవలసినది సునందే. మీరేమో నన్ను నేర్పమని అడిగారు. ధాతువు సరైనదే వదినగారూ, కర్తా కర్మా తారుమారయ్యాయి.

లేవకండి, మీ మోకాళ్లూ నా మోకాళ్లూ ఒక బ్యాచివే. నేనే దిగుతాను. వెళ్లేముందు ఒకసారి పైకి అనుకోనివ్వండి. నలభై ఏళ్లుగా పిల్లల చేత చెప్పించిన వాక్యం, నేను ఒక్కసారైనా అని చూసుకోలేదు.

'సునందా, పొరపాటు జరిగింది.'

కాదు.

'సునందా, పొరపాటు చేయబడింది.' ఛ. ఇది తెలుగే కాదు, ఆఫీసు కాగితం.

'సునందా, పొరపాటు చేశాను.'

ఇది కొంత నయం. తెలుగులో ఒక సౌకర్యం ఉంది, గమనించారా? 'నేను' అని వేరే అనక్కర్లేదు. క్రియ చివర ఆ 'ను' ఉంటే చాలు, కర్త అందులో తలదాచుకుంటాడు. భాషకి అది అందం అని ఎన్నో ఏళ్లు చెప్పాను. ఇవాళ మాత్రం దాచను. విడిగా, ముందు పెట్టి, గట్టిగా అంటాను.

'నేను పొరపాటు చేశాను.' స్వ చేత. ఈ స్వ ఎవరో ఇప్పుడు సందేహం లేదు.

నేర్పమని అడగడం రెండో వాక్యం. అది ఇంకా కుదరలేదు, క్రియ దగ్గర ఆగిపోతోంది. ఆ చెప్పులు ఇటు అందించండి. లిఫ్టు వద్దు, ఇవాళ్టికి స్వచాలితాలు చాలు. మూడంతస్తుల మెట్లున్నాయి. దిగేలోపల ఆ క్రియ కూడా దొరుకుతుంది.